దుమ్ము లేపని పరుగు

మా వీధిలో పరుగెత్తడం నేరం. ఎవరింటి పిల్లాడైనా పొద్దున పూట రెండంగలు ఎక్కువ వేశాడంటే నాలుగిళ్ళ నుంచి నాలుగు తిట్లు వచ్చి పడేవి. వరంగల్లులో మాది నేతగాళ్ళ వీధి. తెల్లవారకముందే వీధి మధ్యలో పడుగు సాగదీసేవాళ్ళు. అంటే బట్టకు నిలువుగా వచ్చే నూలు పోగులన్నిటినీ వీధి పొడవునా పరిచి, కత్తెరలా కట్టిన వెదురు కర్రల మీద నడుము ఎత్తున నిలిపి, రెండు కొసలూ బిగించి, గంజి పట్టించి, ఇద్దరు చెరో పక్కన నిలబడి కుంచెతో దువ్వడం. ఎండ ముదిరే లోపు ఆ పని అయిపోవాలి. తడి పడుగు మీద దుమ్ము పడిందంటే పోగుకు అంటుకుంటుంది, రేపు మగ్గం మీద అక్కడే తెగుతుంది. అందుకని మా వీధిలో పిల్లలు పరుగెత్తేవాళ్ళు కాదు. కుక్కలు కూడా చూసుకుని నడిచేవి.

నా కాళ్ళు మాత్రం ఆగేవి కావు. ఉప్పు తెమ్మంటే పరుగు, నిప్పు తెమ్మంటే పరుగు. తిట్లు తినీ తినీ నాకు నేనే ఒక విద్య నేర్చుకున్నాను. మడమ నేలకు ఆనకూడదు. వేళ్ళ మీద దిగాలి, దిగిన కాలిని వెనక్కి ఈడ్వకుండా నిలువునా పైకి ఎత్తాలి. అలా పరుగెత్తితే దుమ్ము లేవదు, చప్పుడూ రాదు. గొప్పకు చెప్పడం లేదు, భయం నేర్పిన విద్య అది.

ఇంకొక కట్టడి దానికంటే పెద్దది. సాగదీసిన పడుగును దాటకూడదు, కింద నుంచి దూరకూడదు. అవతలి పక్క ఇల్లు కాలిపోతున్నా సరే, కొస దాకా వెళ్ళి చుట్టూ తిరిగి రావాల్సిందే. బాగా చిన్నప్పుడు గాలిపటం వెంట పడి ఒకసారి మా పడుగు కింద నుంచే దూరాను. నా తల తగిలి కొన్ని పోగులు తెగాయి. బాపు, అంటే మా నాన్న, కుంచె పక్కన పెట్టి వచ్చి వీపు మీద ఒక్కటిచ్చాడు. తర్వాత నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, తెగిన పోగులను ఒక్కొక్కటే వెతికి పట్టుకుని, వేళ్ళ మధ్య నలిపి అతుకుతూ పోయాడు.

"దీని మీదనే బతుకుతానం బిడ్డా. తల తెగినా దీన్ని దాటొద్దు" అన్నాడు.

దెబ్బ ఆ సాయంత్రానికే మర్చిపోయాను. మాట మాత్రం ఒంట్లోకి దిగిపోయింది. ఎంత లోతుకు దిగిందో తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో నేను పెద్ద బడిలో చేరాను. అక్కడ చదువంతా ఉర్దూలో. నాకు సగం అర్థమయ్యేది, సగం పక్కవాడి మొహం చూసి నవ్వేవాణ్ణి. నాకు నిజంగా వచ్చిన పాఠం డ్రిల్లు ఒక్కటే. డ్రిల్లు మాస్టారు పూర్వం పలటన్లో సిపాయిగా పని చేసిన మనిషి, ఖాకీ నిక్కరు, మెడలో సీటీ, అదే ఊదే ఈల. ఒకరోజు మైదానం చుట్టూ మమ్మల్ని పరుగెత్తించి, నన్ను ఆపాడు.

"అరే, నీ ఆవాజ్ ఏదిరా? అందరు ధడ్ ధడ్ ఉరుకుతాండ్రు. నువ్వు పిల్లి లెక్క వచ్చినవ్. ఎవరు నేర్పిండ్రు?"

మా పడుగు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వి, తర్వాత నా పాదాలు ఎత్తి చూశాడు, అంగట్లో ఎద్దు గిట్టలు చూసినట్టు. "జర మెహనత్ చేస్తే నువ్వు హైదరాబాద్ల ఉరుకుతవ్" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలు నాకు. హైదరాబాదులో ఏటా అన్ని జిల్లాల బడుల వాళ్ళకూ పెద్ద పరుగు పందెం జరిగేది. మా దగ్గర పందెంలో ముందు వచ్చిన ఇద్దరిని పంపేవాళ్ళు. అక్కడ హాస్టల్లో పెట్టి, తిండి పెట్టి, నేర్పించి, బాగా ఉరికిన వాణ్ణి చదువుకు అక్కడే ఉంచుకునేవాళ్ళు. మగ్గం గుంటలోకి కాళ్ళు దించడం తప్ప ఇంకో బతుకు ఉంటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

బాపు ఒప్పుకోలేదు. "ఉరికితే ఏమొస్తది? నక్కలు ఉరుకుతయి, కుక్కలు ఉరుకుతయి. మనిషన్నోడు కూసొని పని చేస్తడు" అన్నాడు. నాకు కోపం వచ్చి రెండు పూటలు అన్నం మానేశాను. మూడో పూట మానలేకపోయాను, అది వేరే సంగతి. మా అవ్వ, మా వైపు తల్లిని అవ్వ అంటారు, మధ్యలో పడి నచ్చజెప్పింది. చివరికి బాపు ఒక మాట మీదికి వచ్చాడు.

"సరే. ఆ ఇద్దర్ల ఒకడివైతే పో, అడ్డం రాను. కాకపోతే మల్ల నా ముంగట ఉరుకుడు మాట ఎత్తొద్దు. అచ్చి గుంటల కూసో."

ఒప్పుకున్నాను. పదహారేళ్ళ వాడికి ఓడిపోవడం గురించి ఏం తెలుసు?

నాకు తోడు దొరికాడు. ఖిలా వరంగల్లులో కోట లోపల వ్యవసాయం చేసుకునే ఇంటి కుర్రాడు, నా తరగతే. రోజూ తెల్లారగట్ట ఇళ్ళకు పాలు పోయడానికి కోట నుంచి టౌనుకు పరుగున వచ్చేవాడు. పాలు పోసి ఖాళీ చెంబులతో మా వీధి మొగలో నిలబడి ఈల వేస్తే నేను బయటికి వచ్చేవాణ్ణి. ఇద్దరం కోట దాకా పరుగు. అక్కడ మట్టికోట గోడ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఊపిరి అందక కడుపు పట్టుకుని విరిగిన రాతి స్తంభాల మీద పడుకునేవాళ్ళం. వాడి పరుగు నా పరుగుకు పూర్తిగా తలకిందులు. పెద్ద పెద్ద అంగలు, వెనకంతా దుమ్ము. "నీ ఎనక ఉరికితే నాకు మట్టి తిండి" అని నేను తిట్టేవాణ్ణి. "అయితే ముంగట ఉరుకు" అనేవాడు. నిజం చెప్పాలంటే చివరి నెలలో నేనే ముందుండేవాణ్ణి.

అవి కరువు రోజులు. బియ్యం కొలత మీద, నూలు చీటీ మీద. మా ఇంట్లో గంజి రెండు చోట్లకు పోవాలి, ఒకటి పడుగుకు, రెండోది నాకు. అవ్వ పడుగు గంజిలోంచి ఒక ముంత ముందే తీసి, ఉప్పు వేసి, తలుపు వెనక నా చేతికి ఇచ్చేది. "తాగు, మీ బాపు సూస్తే పడుగు పలుచగున్నదంటడు" అని నవ్వేది. బాపుకు తెలియదని మేమిద్దరం అనుకున్నాం. కుంచె పట్టిన మనిషికి గంజి చిక్కదనం తెలియకపోవడమేమిటి! తెలిసే ఊరుకున్నాడు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా వెలిగింది. నాకు వెలిగినవన్నీ ఆలస్యంగానే వెలిగాయి.

పందెం దారి ఇలా పెట్టారు. బడి మైదానంలో బయలుదేరి, కోట దర్వాజా దగ్గర నిలబడ్డ ఇంకో మాస్టారి చేతిలోంచి ఒక రంగు రుమాలు తీసుకుని, తిరుగు దారిలో మా వీధిలోకి వచ్చి, మధ్యలో ఎడమ వైపు ఉన్న సందులోకి తిరిగి, మైదానం చేరాలి. పందెం సాయంత్రం. ఆ వేళకు మా వీధిలో పడుగులన్నీ చుట్టేసి ఉంటాయి, దారి ఖాళీ. ఆ సంగతి నేనే డ్రిల్లు మాస్టారికి చెప్పాను. బాపు కూడా ఆ రోజు మా పడుగు పొద్దున్నే సాగదీసి మధ్యాహ్నానికి ముగించుకోవాలని అనుకున్నాడు. ఆ నూలు కోసం ఎన్ని వారాలు ఎదురు చూశాడో. వీధిలో ఇంకెవరినీ ఆ పూట పడుగు వేయొద్దని, వేసినా తొందరగా తీయమని ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడట. "మావోడు ఉరుకుతాండు" అన్నాడట. నాతో మాత్రం ఒక్క ముక్క అనలేదు.

ఆ రోజు పొద్దున మమ్మల్ని వరసలు నేర్పడానికని మైదానానికి రమ్మన్నారు. వెళ్ళాక తెలిసింది, బహుమతులివ్వడానికి వచ్చిన పెద్ద హాకిం, అంటే సర్కారు అధికారి, మధ్యాహ్నం రైలుకే వెళ్ళిపోవాలట. కనుక పందెం ఇప్పుడే. డ్రిల్లు మాస్టారి మొహం మాడిపోయి ఉంది. ఇంటికి కబురు చేద్దామంటే ఎవరినీ కదలనీయలేదు. సీటీ మోగింది.

పరుగు గురించి ఎక్కువ చెప్పను. బాగా ఉరికాను. జీవితంలో ఒక్కసారి మనిషి తన ఒంటికి తానే ముచ్చట పడతాడు చూడండి, ఆ పొద్దు నాది అలాంటిది. కోట దర్వాజా దగ్గర రుమాలు అందరికంటే ముందు నేనే అందుకున్నాను. తిరుగు దారిలో నా వెనక ఖిలా దోస్తు, వాడి వెనక హనుమకొండ కుర్రాడొకడు. మిగతా వాళ్ళు చెట్ల మలుపు దగ్గరే వెనకబడ్డారు. మా వీధి మొగ కనబడగానే నాకు నవ్వొచ్చింది. ఇక్కడ ప్రతి గుంట నా కాలికి తెలుసు.

వీధిలోకి తిరిగాను. ఎదురుగా మా పడుగు.

వీధి మొదట ఎడమ గోడకు కట్టి, పొడవునా సాగి, అటు చివర నేలలో పాతిన రాతి స్తంభానికి, మా మాటలో కడీకి, బిగించి ఉంది. నిండా తడి మీద ఉంది. కుడి పక్కన మాత్రమే మనిషి పట్టే దారి. నేను తిరగాల్సిన సందు ఎడమ పక్కన. మధ్యలో నడుము ఎత్తున పడుగు. పడుగుకు అవతల బాపు, ఇవతల నాకు పెదనాన్న వరసయ్యే ఎదురింటి పెద్దబాపు, చేతుల్లో కుంచెలు. అవ్వ గంజి కుండ పట్టుకుని ఉంది. ముగ్గురూ నన్ను చూసి బొమ్మల్లా నిలబడ్డారు.

ముందుగా తేరుకున్నది బాపు. కుంచె నేల మీద పడేశాడు. మా ఇంట్లో కుంచె నేల మీద పడటం నేనెప్పుడూ చూడలేదు. రెండు చేతులూ పడుగు కింద పెట్టి పైకి, తల ఎత్తుకు లేపాడు. పోగుల మధ్య దూర్చిన పుల్లలు జారి కింద పడ్డాయి. ఎక్కడో ఒక పోగు తెగింది, ఆ చిన్న చప్పుడు నాకు వినబడింది.

"దూరు బిడ్డా! ఆగకు! కింద నుంచి దూరు!"

"పోరా, మీ బాపు చెప్తాండు గద, పో!" అని అవ్వ.

నేను నిలబడిపోయాను. సందు మొగ ఎదురుగా ఉంది. బాపు చేతుల కింద మనిషి పట్టేంత ఖాళీ ఉంది. వంగితే చాలు. బుర్ర వంగమనే చెప్పింది. కాళ్ళు వినలేదు. తల తెగినా దాటొద్దన్న మాట కాళ్ళు విన్నది పదేళ్ళ కింద. ఇప్పుడు చెప్పిన మాట వాటి దాకా చేరలేదు. నేను పక్కకు తిరిగి, పడుగు వెంటే, వేళ్ళ మీద, దుమ్ము లేవకుండా, రాతి కడీ వైపు పరుగెత్తాను. అవును, దుమ్ము లేవకుండానే. తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను రెండు లెంపకాయలు కొట్టుకోవాలనిపిస్తుంది.

వెనక ధడ్ ధడ్ మని చప్పుడు. నా కోసం ఎత్తి పట్టుకున్న పడుగు కింద నుంచి ఖిలా దోస్తు దూరిపోయాడు. వాడి వెనకే హనుమకొండ కుర్రాడు. నేను కడీ చుట్టూ తిరిగి అవతలి పక్క నుంచి వచ్చేసరికి బాపు ఇంకా చేతులు దించలేదు. మెడ తిప్పి, పడుగుకు ఆ పక్కన నేను పరుగెత్తిన దారి వైపే చూస్తున్నాడు, అటు నుంచే వెనక్కి వస్తాననుకుని. నేను ఆయన వీపు పక్కగా వెళ్ళి సందులోకి తిరిగాను.

చివరి వరకు వదల్లేదు. హనుమకొండ కుర్రాణ్ణి చెయ్యి చాపితే భుజం అందేంత దాకా వచ్చాను. చెయ్యి చాపితే గెలిచినట్టు కాదు కదా. నాది మూడో స్థానం. ఇత్తడి గ్లాసు ఒకటి ఇచ్చారు. డ్రిల్లు మాస్టారు నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఖిలా దోస్తు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. ఏడుపు మొహంతో ఉన్నాడు, గెలిచింది వాడైనా. "నేను దూరినప్పుడు మీ బాపు నా దిక్కు సూడనే సూడలే రా. నీ దిక్కే సూస్తాండు" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఆ మాట చెప్పినందుకు మాత్రం కొన్నాళ్ళు కోపంగా ఉండింది.

ఇంటికి వెళ్ళేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. గంజి ఆరిపోయి పడుగు సగం గట్టిపడింది, సగం చిక్కుపడింది. బాపు ఒక కొస నుంచి పోగులు అతుకుతున్నాడు. నేను గ్లాసు అరుగు మీద పెట్టి, రెండో కొస నుంచి మొదలుపెట్టాను. చాలాసేపటికి మధ్యలో ఇద్దరి చేతులూ దగ్గరికి వచ్చాయి.

"ఎందుకు దూరలేదు రా?" అన్నాడు, పోగు మీద నుంచి చూపు తిప్పకుండా.

"నువ్వే చెప్పినవ్ గద బాపు. తల తెగినా దాటొద్దని."

"చెప్పిన. ఇయ్యాల దూరుమని గూడ నేనే చెప్పిన. అది ఎందుకు ఇనకపోతివి?"

నేను ఇంకో తెగిన పోగు అందుకున్నాను. సాయంత్రం దాకా పోగులు అతుక్కుంటూ కూర్చున్నాం. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండకు అని అవ్వతో అన్నాడు.

గుంటలో కూర్చోమని ఆయన నాకు చెప్పలేదు. నేనే వెళ్ళి కూర్చున్నాను. వారం తర్వాత, పడుగు మధ్య అటూ ఇటూ తోసే నాడె ఆపి, "మల్ల ఏడాది ఉంటది గద. ఉరుకు. నేను ఏమనను" అన్నాడు. ఎంత మాట అది! కానీ మరుసటి ఏడు పందెం జరగలేదు. ఊళ్ళో గొడవలు, రోజులు బాగా లేవు, పొద్దుగూకితే తలుపులు వేసుకునే కాలం. బడి సగం రోజులు మూసే ఉండేది. డ్రిల్లు మాస్టారు ఎటో వెళ్ళిపోయాడు. నేను బడి మానేశాను. ఖిలా దోస్తు హైదరాబాదులో చదువుకుంటున్నాడని వాళ్ళ ఇంటివాళ్ళు చెప్పారు. ఒకసారి సెలవులకు వచ్చి మా ఇంటికి వచ్చాడు. కాళ్ళకు బూట్లు. నేను గుంటలో ఉన్నాను, వాడు పైన నిలబడ్డాడు. మాట్లాడటానికి వాడు వంగాల్సి వచ్చింది. ఇద్దరికీ ఏదోలా ఉండి, పాల బర్రెల గురించి కాసేపు మాట్లాడుకున్నాం.

ఆ గొడవలన్నీ సద్దుమణిగిన తర్వాతి చలికాలంలో బాపుకు దగ్గు పట్టుకుంది. దవాఖానకు రానన్నాడు. ఒకరోజు తెల్లవారుతుండగా పోయాడు.

అప్పటికే వీధిలో ఎదురింటి పెద్దబాపు పడుగు సాగదీసి ఉంది, తడి మీద. చావు కబురు తెలియక ముందే గంజి పెట్టాడు. బాపును బయటికి తీసుకుపోవాల్సింది ఆ ఎడమ సందు నుంచే. పాడె సిద్ధమైంది. నిప్పు కుండ పట్టుకుని నేను ముందు నిలబడ్డాను. పెద్దబాపు ఏడుస్తూ వచ్చాడు.

"తీసి అవతల పారేస్త బిడ్డా. మీ బాపు కన్న ఎక్కువనా నాకు ఈ నూలు?"

"తీయకు పెద్దబాపు. తడి మీద ఉన్నది, కరాబైతది. చుట్టు తిరిగి పోతం" అన్నాను. ఆ మాట అంటుంటేనే నా గొంతు నాకు వింతగా వినిపించింది.

ఆయన నా మొహం వైపు చూశాడు. ఆ రోజు పడుగుకు ఇవతల నిలబడి అంతా చూసిన మనిషి. ఏమనుకున్నాడో, "చుట్టు తిరుగుడు వద్దు" అన్నాడు. కొడుకులిద్దరినీ పిలిచాడు. మైల అంటుతుందని ఎవరో గొణిగితే విననట్టే ఊరుకున్నాడు. ముగ్గురూ చేతులు కింద పెట్టి పడుగును పైకి లేపారు.

"దూరు బిడ్డా" అన్నాడు.

పాడె మోసేవాళ్ళు భుజాల మీది నుంచి చేతుల్లోకి దించుకున్నారు. నేను వంగాను. తడి గంజి వాసన మొహానికి తగిలింది. ఒక అడుగు, అంతే, అవతలి పక్క ఉన్నాను. ఒక్క పోగు కూడా తెగలేదు. నా వెనకే బాపు కూడా వచ్చాడు.

సందు మొగలో నిలబడి ఏడ్చాను. కుండ చేతిలో ఉంది, కళ్ళు తుడుచుకునే వీలు లేదు. "ఏడ్వనీయుండ్రి, తండ్రి గద" అని వెనక ఎవరో అన్నారు. ఇంత తేలికా బాపు, ఇంత తేలికైన పని అప్పుడు చేయలేకపోయాను, నువ్వు చేతులు ఎత్తి పట్టుకుని నిలబడ్డావు, అని నేను ఏడుస్తున్నట్టు వాళ్ళకెవరికీ తెలియదు. పెద్దబాపుకు తెలుసు. నేను కదిలే దాకా ఆయన పడుగు దించలేదు.